వంతెన ఎక్కేటప్పుడే మొరాయించే బండి: థ్రాటిల్ కోడ్ వస్తే ఎక్కడ వెతకాలి

"ఒరేయ్ అబ్బాయ్, చించినాడ బ్రిడ్జి మీదున్నాను. బండి ఆగిపోలేదు, అలాగని వెళ్ళట్లేదు. కాలు అడుగు దాకా తొక్కినా నత్తలా పాకుతోంది. వెనక లారీవాడు హారన్ కొట్టి చంపుతున్నాడు."

కొబ్బరికాయల వ్యాపారం చేసే మా ఊరి బాబాయ్ ఫోను అది. "నాలుగు లైట్లూ వేసి పక్కకి తియ్యండి బాబాయ్. తాళం ఆపేసి, ఒక నిమిషం కదలకుండా కూర్చుని, మళ్ళీ స్టార్ట్ చెయ్యండి" అన్నాను. చేశాడు. బండి మామూలుగా లాగింది. "ఏం మంత్రం వేశావురా?" అని నవ్వాడు. ఆ నవ్వు నాలుగు రోజులే. ఐదో రోజు అదే వంతెన మీద అదే కథ.

నాది కోనసీమలో రాజోలు, మలికిపురం మధ్య ఆటో ఎలక్ట్రికల్ షాపు. డైనమోలకి వైండింగ్ చేస్తూ, లారీల సెల్ఫులు విప్పుతూ పని నేర్చుకున్నవాణ్ణి. ఈ ఎలక్ట్రానిక్ థ్రాటిల్ బండ్లు మా దగ్గరకి రావడం మొదలైనప్పుడు నాకూ టెన్షనే. ఇప్పుడు మాత్రం డాష్‌బోర్డులో ఇంజిన్ గుర్తు పసుపు లైటు వెలిగిన బండి వస్తే ముందు నా చెయ్యి కోడ్ చదివే స్కానర్ మీదకి కాదు, కప్లర్ల మీదకి, అంటే వైర్లు కలిపే ప్లాస్టిక్ ప్లగ్గుల మీదకి పోతుంది. ఎందుకో చెబుతాను. మల్టీమీటర్ పట్టుకోవడం వచ్చినవాళ్ళు ఇదంతా ఇంట్లోనే చేసుకోవచ్చు. రానివాళ్ళు కనీసం మెకానిక్‌ని ఏం అడగాలో తెలుసుకోవచ్చు.

అసలు లోపల ఏం జరుగుతుంది

పాత బండ్లలో పెడల్‌కి ఒక తీగ ఉండేది. కాలు తొక్కితే తీగ లాగుతుంది, తీగ లాగితే ఇంజిన్‌కి గాలి వదిలే రేకు తెరుచుకుంటుంది. తీగ తెగితే తెగిందని కంటికి కనబడేది. ఇప్పుడా తీగ లేదు. పెడల్ దగ్గర సెన్సార్ ఉంటుంది. మీరు ఎంత తొక్కారో అది కంప్యూటర్‌కి చెబుతుంది. కంప్యూటర్ ఇంజిన్ దగ్గరున్న థ్రాటిల్ బాడీలోని చిన్న మోటార్‌కి కరెంటు పంపి, బటర్‌ఫ్లై రేకుని తిప్పిస్తుంది. రేకు నిజంగా ఎంత తిరిగిందో ఇంకో సెన్సార్ వెనక్కి కబురు చెబుతుంది.

నా బల్ల మీద మూత విప్పిన థ్రాటిల్ బాడీ ఒకటి ఉంటుంది. వచ్చినవాళ్ళకి అదే చూపిస్తాను. అల్యూమినియం గొట్టం, మధ్యలో రూపాయి బిళ్ళకంటే పెద్ద ఇత్తడి రంగు రేకు. పక్కన అగ్గిపెట్టెంత మోటారు, రెండు ప్లాస్టిక్ పళ్ళచక్రాలు, ఒక స్ప్రింగు. వేలితో రేకుని నెట్టి వదిలితే అది పూర్తిగా మూసుకోదు, సన్నని సందు వదిలి ఆగుతుంది. ఆ సందు కావాలనే పెట్టారు. మోటార్‌కి కరెంటు ఆగినా ఇంజిన్ చావకుండా ఆ కాస్త గాలి చాలు. బాబాయ్ బండి వంతెన మీద పాకింది ఆ సందులోంచి వెళ్ళిన గాలితోనే. దాన్ని లింప్ మోడ్ అంటారు. కుంటుకుంటూ ఇంటికి చేర్చడానికి పెట్టింది.

ఇక అసలు సంగతి. పెడల్ దగ్గరా, థ్రాటిల్ దగ్గరా సెన్సార్లు ఒక్కొక్కటి కాదు, రెండేసి ఉంటాయి. ఊళ్ళో తగువు తీర్చే పెద్దమనిషి ఇద్దరు సాక్షుల్ని పిలిచినట్టు, కంప్యూటర్ ప్రతి క్షణం ఆ రెండింటి మాటా వింటుంది. మాటలు కలిస్తే సరే. కలవకపోతే ఎవరిది అబద్ధమో తేల్చుకునే ఓపిక దానికి లేదు, ఇద్దరినీ నమ్మడం మానేస్తుంది. మోటార్‌కి కరెంటు ఆపి, లైటు వెలిగించి, తప్పేమిటో చెప్పే కోడ్ రాసి పెడుతుంది. అలా చేయడమే మంచిది. తప్పుడు మాట నమ్మి రేకు పూర్తిగా తెరిచేస్తే ఏటిగట్టు మీద మన గతేంటి?

బాబాయ్ బండిలో వచ్చిన కోడ్ పీ 2135. థ్రాటిల్ దగ్గరి ఇద్దరు సాక్షుల మాటా కలవలేదు అని దానర్థం. అంతే. థ్రాటిల్ బాడీ పాడైందని అందులో ఎక్కడా లేదు. సాక్షి అబద్ధం చెప్పాడా, నిజమే చెప్పినా కబురు మోసుకొచ్చే వైరు దారిలో మార్చేసిందా, మనమే కనిపెట్టాలి.

కోడ్ చదవడం, చెరిపే ముందు రాసుకోవడం

మన దేశంలో 2013 ఏప్రిల్ నుంచి కొత్త కార్లకి ఓబీడీ-2, అంటే బండి తన తప్పులు తానే కనిపెట్టి రాసుకునే పద్ధతి, తప్పనిసరి. స్టీరింగ్ కింద, మోకాలు తగిలేచోట 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. ఈఎల్ఎమ్ 327 రకం బ్లూటూత్ ముక్క అందులో గుచ్చి, ఫోన్లో యాప్ పెట్టుకుని, తాళం ఆన్ చేస్తే చాలు, కోడ్ వచ్చేస్తుంది. నాసిరకం నకళ్ళు కొన్ని కోడ్ చదువుతాయి గానీ మిగతా వివరాలు ఇవ్వవు. కొనేటప్పుడు లైవ్ డేటా (సెన్సార్లు అప్పటికప్పుడు చెప్పే అంకెలు), ఫ్రీజ్ ఫ్రేమ్ (దీని సంగతి కింద చెబుతాను) రెండూ చూపిస్తుందో లేదో అడగండి.

ఈ కుటుంబంలో తరచుగా కనబడే కోడ్లు ఇవి. పీ 2135 అంటే థ్రాటిల్ సెన్సార్లు రెండూ ఒకదానితో ఒకటి కలవలేదని. పీ 2138 అంటే పెడల్ సెన్సార్లు కలవలేదని. పీ 0122 అయితే థ్రాటిల్ మొదటి సెన్సార్ వోల్టేజీ బాగా తక్కువ, పీ 0123 అయితే బాగా ఎక్కువ. రెండో సెన్సార్‌కి అవే 0222, 0223. పీ 2101 మోటార్ సర్క్యూట్ గురించి. పీ 2111 వస్తే రేకు తెరుచుకుని ఇరుక్కుందని, 2112 వస్తే మూసుకుని ఇరుక్కుందని. పీ 2119 వస్తే రేకు చెప్పినచోటికి రాలేదని.

ఒక్క కోడ్ కాకుండా రెండు మూడు గుంపుగా వస్తే భయపడకండి, అది మనకి మేలే. 0122, 0222 రెండూ కలిసి వచ్చాయనుకోండి. రెండు సెన్సార్లూ ఒకే గంటలో చెడిపోవడం అరుదు. ఆ రెండింటికీ ఉమ్మడిగా వెళ్ళే 5 వోల్టుల వైరు తెగిందో, ఎర్త్‌కి తగులుతోందో చూడాలి. రెండూ ఎక్కువ వోల్టేజీ అని వస్తే సాధారణంగా ఉమ్మడి ఎర్త్ వైరు ఊడి ఉంటుంది. రెండిళ్ళలో ఒకేసారి లైట్లు ఆరిపోతే బల్బులు మార్చం కదా, స్తంభం దగ్గరకి వెళ్తాం.

కోడ్ చూడగానే చాలామంది చేసే పని చెరిపేయడం. వద్దు. కోడ్‌తో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ అని ఒకటి ఉంటుంది. తప్పు జరిగిన క్షణంలో బండి వేగం ఎంత, ఇంజిన్ ఎన్ని చుట్లు తిరుగుతోంది, ఎంత వేడిగా ఉంది, ఎంత బరువు మోస్తోంది అన్నీ అందులో ఉంటాయి. కోడ్ చెరిపితే అదీ పోతుంది. ఫోన్లో ఫోటో తీసుకోండి. బాబాయ్ బండి మా షాపుకి వచ్చినప్పుడు నాకు దొరికిన ఒకే ఒక్క ఆధారం అదే. వేగం గంటకి 38 కిలోమీటర్లు, ఇంజిన్ చుట్లు నిమిషానికి 2900, లోడు 80 శాతం పైన.

మా షాపుకి వచ్చేముందే ఆ బండికి ఇంకోచోట కొత్త థ్రాటిల్ బాడీ వేశారు. పద్నాలుగు వేల పైమాటే అయింది. వేసిన రెండోరోజే మళ్ళీ లైటు. "ఈ బండికీ ఆ వంతెనకీ జాతకం కలవలేదురా, అమ్మేస్తాను" అన్నాడు బాబాయ్.

"ఒక్క చించినాడ వంతెనేనా? బోడసకుర్రు వంతెన మీద ఎప్పుడైనా అయిందా?"

కాసేపు ఆలోచించాడు. "అమలాపురం పెళ్ళికి వెళ్ళినప్పుడు ఒకసారి అయింది. అప్పుడు బండినిండా జనం."

"ఊళ్ళో?"

"ఊళ్ళో ఎప్పుడూ లేదు."

మా రాజోలు సీమకి ఒకపక్క వైనతేయ, ఇంకోపక్క వశిష్ఠ, రెండూ గోదావరి పాయలే. మధ్యలో నేలంతా అరచెయ్యిలా చదును. బండి ఎత్తు ఎక్కేది ఈ వంతెనల దగ్గరే. అంటే గొడవ వంతెనది కాదు, ఎక్కుడుది. ఎక్కుడులో ఇంజిన్ బలంగా లాగుతుంది. బలంగా లాగినప్పుడు తన రబ్బరు మౌంటింగుల మీద ఒక పక్కకి ఒరుగుతుంది. దానితోపాటు థ్రాటిల్ బాడీ ఒరుగుతుంది. బాడీ మీద ఉన్న వైరింగేమో రెండో చివర కదలకుండా ఉంటుంది. వైరు ఎక్కడో లాగుడు పడుతోంది లేదా రాసుకుంటోంది అని అక్కడే అనుమానం వచ్చింది. అందుకే చెబుతున్నాను, బండి తెచ్చినవాళ్ళని "ఏమైంది" అని అడిగితే చాలదు, "ఎక్కడ అవదు" అని కూడా అడగాలి.

మీటర్ తీయకముందు కళ్ళతో

తాళం ఆపి, బానెట్ ఎత్తి, గాలి గొట్టం విప్పి, థ్రాటిల్ బాడీ కప్లర్ ఊడదీసి చూడండి. పిన్నులు శుభ్రంగా మెరుస్తున్నాయా, తెల్లటి పొడి పట్టిందా, పచ్చగా చిలుము పట్టిందా? మన ప్రాంతంలో ఈ చిలుమే సగం జబ్బు. అంతర్వేది, ఓడలరేవు వైపు ఊళ్ళకి ఉప్పుగాలి. రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగే బండికి ఉప్పునీళ్ళ తుంపర. చేపల వ్యాను వెనకాలే వెళ్తే దానిలోంచి కారే నీళ్ళు. ఇవి చాలవన్నట్టు, వాటర్ సర్వీసులో ప్రెషర్ గొట్టంతో ఇంజిన్ మీద నేరుగా కొట్టించడం. ఇంజిన్ కడగాలంటే తడిగుడ్డతో తుడవండి. నామాట వినండి, మెరుపు కోసం ఆశపడొద్దు.

చిలుముకి కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, మెత్తటి బ్రష్‌తో రుద్ది, ఆరనిచ్చి, డైఎలెక్ట్రిక్ గ్రీజు (కరెంటు పారనివ్వని గ్రీజు) పల్చగా రాసి బిగించండి. చక్రాల బేరింగులకి వాడే గ్రీజు రాయకండి. ఉప్పుకాగితంతో అసలు గోకకండి, పిన్ను మీద పూత పోతే ఆర్నెల్లలో మళ్ళీ పచ్చబడుతుంది.

తర్వాత ఎలుకలు. సార్వా కోతలయ్యాక చేలో ఎలుకలకి తిండీ, చోటూ రెండూ పోతాయి. అవి గడ్డిమేట్లకీ, కొట్టాలకీ చేరతాయి. కొట్టంలో వెచ్చగా ఉండేది మీ కారు ఇంజిన్. డిసెంబరు, జనవరి నెలల్లో నేను బానెట్ ఎత్తితే ఇంజిన్ మీద కొబ్బరిపీచుతో అల్లిన గూడు కనబడటం మామూలే. పీచు కనబడితే దాని చుట్టూ జానెడు దూరంలో ప్రతి వైరూ వేళ్ళతో తడిమి చూడండి. ఎలుక చాలాసార్లు వైరుని పూర్తిగా తెంపదు, పైతొడుగు గీరి వదిలేస్తుంది. ఎండాకాలం ఏమీ అనిపించదు, తొలకరి పడగానే లైటు వెలుగుతుంది. నివారణ అని చాలా మందులు అమ్ముతారు. నాకు పనిచేసింది ఒకటే: గడ్డిమేటుకి దూరంగా బండి పెట్టడం, రెండ్రోజులకోసారైనా తీయడం.

వరదనీళ్ళలో నిలిచిన బండైతే లెక్క వేరు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకల నుంచి తెచ్చిన బండ్లని నెలల తరబడి చూశాను. కార్పెట్ దాకా నీళ్ళు వస్తే పెడల్ సెన్సార్ పైకే ఉన్నా, నేలమీద కప్లర్లూ, కింద బిగించిన ఎర్త్ బోల్టులూ మునుగుతాయి. అలాంటి బండికి తాళం ఆన్ చేయకుండా ముందు బ్యాటరీ తీసేయాలి. లోపల తడి ఉండగా కరెంటు ఇస్తే చిలుము ఇంకా త్వరగా పడుతుంది.

బ్యాటరీ అన్నాను కాబట్టి ఇంకోమాట. టెర్మినల్స్ మీద పూత పేరుకుని, సెల్ఫ్ కొట్టేటప్పుడు వోల్టేజీ బాగా పడిపోయే బండిలో థ్రాటిల్ కోడ్లు ఊరికే వస్తాయి. బ్యాటరీ వోల్టేజీ ఇంజిన్ ఆపి కొన్ని గంటలయ్యాక 12.6 దరిదాపుల్లో, ఇంజిన్ తిరిగేటప్పుడు 14 దరిదాపుల్లో ఉండాలి. లేకపోతే ముందు అది బాగుచేయించి, తర్వాతే థ్రాటిల్ సంగతి చూడండి.

మీటర్‌తో

థ్రాటిల్ బాడీ కప్లర్‌కి సాధారణంగా ఆరు వైర్లు. రెండు మోటార్‌వి, ఒకటి 5 వోల్టులు, ఒకటి ఎర్త్, మిగతా రెండూ మన సాక్షులు. ఏ రంగు దేనిదో బండిని బట్టి మారుతుంది, వైరింగ్ బొమ్మ దొరికితే మేలు. దొరక్కపోతే కప్లర్ ఊడదీసి, తాళం ఆన్ చేసి, బ్యాటరీ నెగెటివ్‌కి నల్ల ప్రోబ్ పెట్టి ఒక్కో పిన్ను చూడండి. కచ్చితంగా 5 చూపించేది, సున్నా చూపించేది తేలిపోతాయి. కొన్ని బండ్లలో సెన్సార్ వైర్ల మీద కూడా కప్లర్ ఊడదీస్తే 5 దగ్గర కనబడుతుంది, అక్కడ కంగారు పడొద్దు. ఈ పరీక్షకి కంప్యూటర్ ఇంకో కోడ్ రాస్తుంది, చివర్లో చెరుపుకుందాం.

తర్వాత కప్లర్ తిరిగి బిగించి, వెనకనుంచి, వైరు లోపలికి దూరేచోట సన్నని గుండుసూది మెల్లగా దింపి, దానికి ప్రోబ్ పెట్టండి. వైరు మధ్యలో గుచ్చి చూసే అలవాటు మా పాతవాళ్ళది, నాదీ ఒకప్పుడు అదే. లారీల్లో నడిచింది. ఈ సీమగాలికి ఆ సూది బెజ్జంలోంచే తేమ దిగి, ఏడాదికల్లా లోపలి రాగి పచ్చగా పొడైపోతుంది. నేను గుచ్చిన బెజ్జమే నాకు బేరం తెచ్చిన రోజుందండి, చెప్పుకోడానికి సిగ్గు.

5 వోల్టుల వైరు మీద 4.9 నుంచి 5.1 మధ్య ఉండాలి. ఎర్త్ వైరుకీ, బ్యాటరీ నెగెటివ్‌కీ మధ్య 0.1 వోల్టు లోపే ఉండాలి. ఎర్త్ మీద అర వోల్టు కనబడితే ఇంక ముందుకి వెళ్ళకండి. ఆ వైరు పోయి బిగించిన బోల్టు విప్పి, తుప్పు గీకి, మళ్ళీ బిగించి చూడండి. సెన్సార్లది ఏ తప్పూ లేకుండా ఎర్త్ పైకి తేలితే సాక్షులిద్దరి మాటా చెడుతుంది.

రెండూ బాగుంటే సిగ్నల్ వైర్లు చూడాలి. తాళం ఆన్, ఇంజిన్ ఆఫ్, పక్కన ఒకరు పెడల్ మెల్లగా తొక్కాలి. చాలా బండ్లలో ఒక సెన్సార్ వోల్టేజీ పెరుగుతుంటే రెండోది తగ్గుతుంది. ఒకటి 0.7 ఉంటే రెండోది 4.3, ఒకటి 2 అయితే రెండోది 3. ఎక్కడ ఆపి కూడినా 5 దగ్గరే రావాలి. అన్ని బండ్లూ ఇలాగే ఉండవు. కొన్నిట్లో రెండూ పెరుగుతాయి, కాకపోతే వేరు వేరు లెక్కలో. అప్పుడు మొత్తం చూడకండి, నడక చూడండి. మెట్లు ఎక్కినట్టు కాకుండా, నూనె పోసినట్టు జారాలి. పెడల్ దగ్గర మాత్రం ఎక్కువ బండ్లలో ఒకటి రెండోదానికి సగం ఉంటుంది. నా పుస్తకంలో ఒక బండికి రాసుకున్నది చెబుతాను: కాలు తీసి ఉంటే 0.76, 0.38. పూర్తిగా తొక్కితే 3.9, 1.95. పీ 2138 వస్తే ఈ పరీక్ష పెడల్ కప్లర్ దగ్గర చేయాలి. డీజిల్ బండ్లలో నా దగ్గరికి వచ్చేవి ఎక్కువ ఈ పెడల్ కోడ్లే. డీజిల్‌లో కూడా రేకు ఉంటుంది గానీ, బండి వేగం తేల్చేది ఆ రేకు కాదు, ఇంజెక్టర్లు పోసే డీజిల్ లెక్క.

ఫోన్ యాప్‌లోనే రెండు సెన్సార్లూ గీతల్లా గీయించుకుని చూడొచ్చు. కానీ బ్లూటూత్ ముక్క సెకనుకి కొద్దిసార్లే చదువుతుంది. రెప్పపాటులో వచ్చిపోయే తప్పు దానికి చిక్కదు. డిజిటల్ మీటర్ కూడా అంకె మార్చేలోపు తప్పు దాటిపోతుంది. ఇక్కడే నేను మా గురువుగారిచ్చిన పాత ముల్లు మీటర్ తీస్తాను. అంకె కచ్చితం దానికి తెలియదు గానీ, వోల్టేజీ ఒక్క క్షణం కుదిపితే ముల్లు ఉలిక్కిపడుతుంది. కంటికి దొరుకుతుంది.

బాబాయ్ బండికి చేసింది ఇదీ. ముల్లు మీటర్ రెండో సెన్సార్ వైరుకి తగిలించి, అద్దం బయటి నుంచి కనబడేలా పెట్టాను. ముందు చక్రాలకి రాళ్ళు అడ్డంపెట్టి, హ్యాండ్ బ్రేక్ లాగి, మా కుర్రాణ్ణి కూర్చోబెట్టాను. బ్రేకు తొక్కిపెట్టి, మొదటి గేరులో క్లచ్ సగం వదిలి, ఇంజిన్ బిగిసేలా చేసి, వెంటనే క్లచ్ తొక్కెయ్యమన్నాను. బండి ముందు ఎవరినీ నిలబడనివ్వలేదు, మీరూ నిలబడొద్దు. ఆటోమేటిక్ బండికి ఈ ప్రయోగం చేయకండి. ఇంజిన్ ఒక పక్కకి ఒరిగింది. ముల్లు ఠక్కున సున్నాకి పడి లేచింది. డాష్‌బోర్డులో పసుపు లైటు.

ఇంజిన్ ఆపి, ఆ వైరింగ్ వెంట చెయ్యి నడిపించుకుంటూ పోయాను. బ్యాటరీ ట్రే కింద ఇనప బ్రాకెట్. దాని అంచు మీదే వైర్ల కట్ట కూర్చుని ఉంది. కట్టని పక్కకి పట్టి ఉంచాల్సిన ప్లాస్టిక్ క్లిప్పు విరిగి, సగం ముక్క ఇంకా బెజ్జంలోనే ఉంది. ఎప్పుడో బ్యాటరీ మార్చినప్పుడు విరిగి ఉంటుంది. వైర్ల కట్ట తిప్పి చూస్తే, పై టేపు అరిగి, లోపల ఒక వైరు తొడుగు మీద బ్లేడుతో గీసినంత చీలిక. చీలికలో రాగి మెరుస్తోంది. ఇంజిన్ ఒరిగినప్పుడల్లా ఆ రాగి బ్రాకెట్‌కి తగులుతుంది, సాక్షి నోరు మూతపడుతుంది.

వైరు అతికించడానికి ఇన్సులేషన్ టేపు ఒక్కటే చుట్టొద్దు. మన ఉక్కపోతకి రెండు వేసవులు తిరిగేసరికి జిగురు కారి టేపు విప్పుకుంటుంది. పాడైన ముక్క కత్తిరించి, సోల్డర్ చేసి, లోపల జిగురుండే హీట్ ష్రింక్ స్లీవ్ వేసి వేడిచేయండి. ఆపైన గొట్టం తొడిగి, కొత్త క్లిప్పుతో బ్రాకెట్‌కి దూరంగా కట్టండి.

రేకు, మోటారు, శుభ్రం చేయడం

వైర్లన్నీ బాగున్నాయి, వచ్చింది 2111, 2112, 2119 లాంటి కోడ్ అయితే అప్పుడు రేకు వైపు చూడండి. గొట్టం తీసి చూస్తే రేకు అంచున నల్లటి మసి కట్టి ఉంటుంది. గుడ్డ మీద థ్రాటిల్ క్లీనర్ కొట్టి, ఆ గుడ్డతో తుడవండి. లోపలికి నేరుగా కొట్టొద్దు, ఇరుసు సందులోంచి మోటార్ వైపు దిగుతుంది. పెట్రోలు, ఉప్పుకాగితం, చాకు అసలే వద్దు. రేకు కదిలించాల్సి వస్తే తాళం ఆపి, కప్లర్ ఊడదీశాకే, అదీ చాలా మెల్లగా. తాళం ఆన్‌లో ఉండగా వేలు పెడితే మోటారు రేకుని ఠక్కున మూసేయవచ్చు. వేలు నలుగుతుంది.

మోటార్ రెండు పిన్నుల మధ్య ఓమ్స్ చూస్తే కొద్ది ఓమ్స్ రావాలి. అసలు రీడింగే రాకపోతే మోటార్ పోయినట్టు. అప్పుడు మాత్రం మొత్తం బాడీ మార్చుకోవాల్సిందే, చాలా బండ్లకి లోపలి సెన్సార్ విడిగా దొరకదు.

తుడిచాక లేదా కొత్తది వేశాక ఐడ్లింగ్ పెరిగిపోతే కంగారు పడొద్దు. మసి ఉన్నప్పటి లెక్కే కంప్యూటర్‌కి ఇంకా గుర్తుంది. కొత్త లెక్క నేర్పించాలి. కొన్ని బండ్లకి స్కానర్‌తో, కొన్నిటికి తాళం కాసేపు ఆన్‌లో ఉంచి ఆపి, తర్వాత ఏసీ వేయకుండా ఇంజిన్ వేడెక్కేదాకా ఐడ్లింగ్‌లో వదిలేసి. మీ బండి పద్ధతి దాని మాన్యువల్‌లో ఉంటుంది.

ఒక కేసు నవ్వొస్తుంది. కోడ్ ఏమీ లేదు, బండి లాగట్లేదని తెచ్చారు. చూస్తే పాత మ్యాట్ మీద కొత్తగా కొబ్బరిపీచు మ్యాట్ వేసుకున్నారు, ఎంత తొక్కినా పెడల్ సగమే దిగుతోంది. ఆయ్, అదీ మన కోనసీమే.

చెరిపాక

పని అయ్యాక కోడ్ చెరపండి. తర్వాత, తప్పు ఎక్కడ వచ్చేదో అక్కడికే తీసుకెళ్ళి చూడండి. మేం చించినాడ వంతెన మీద అటూ ఇటూ నాలుగుసార్లు తిరిగాం, చివరి రెండుసార్లు వెనక డిక్కీలో బాబాయ్ కాయల బస్తాలు కూడా వేసుకుని. ఆ రోజు లైటు రాలేదని ఊరుకోకుండా, వారం తర్వాత పెండింగ్ కోడ్లు చదవండి. లైటు వెలగకముందే తప్పు అక్కడ పేరు రాసుకుంటుంది. మంచి వాన పడిన మర్నాడు ఇంకోసారి చదివితే మరీ మంచిది.

బాబాయ్ బండి వారం తర్వాత కూడా శుభ్రంగా ఉంది. పాత థ్రాటిల్ బాడీ మాత్రం డిక్కీలో మూలన పడేసి ఉంటే, "దీన్నేం చేసుకోనురా, నువ్వే ఉంచుకో" అని ఇచ్చి వెళ్ళాడు. బల్ల మీద పెట్టి 5 వోల్టులు ఇచ్చి, రేకు తిప్పుతూ రెండు సెన్సార్లూ చూశాను. ఎక్కడ ఆపినా మొత్తం 5. మూత విప్పి చూపిస్తానని మొదట చెప్పానే, అది ఇదే.